దుమ్ము లెక్క

ఏనుగులు కౌండిన్య అడివిలోకి దిగిపోయినాయని
సుబ్బరత్నం ఫోను చేసినాక
మూడు రాత్రుల తర్వాత
జీపుకు సెలవు.
నాకు కాదు.

పలమనేరు ఇంకా నిద్ర లేవలా.
బానెట్టు ఎత్తితే కాలిన పెనం వాసన.
ఎయిర్ ఫిల్టరు గిన్నె క్లిప్పులు తుప్పుపట్టి మొరాయిస్తే
గరిటె కాడతో పొడిచి ఊడబెరికినా.
పోసిన నాడు తేనెరంగు నూనె,
ఇప్పుడు రాగిసంగటి పలచన చేసినట్టుండాది.
వేలు ముంచితే రెండో కణుపు దాకా బురద.

ఇంజను తాగకుండా మిగిల్చిందంతా ఇదే.

బైరెడ్డిపల్లె దోవలో లేచిన ఎర్రమన్ను ఉండాల ఇందులో.
టమేటా తోటలో విరిగిన కట్టెల్ని లెక్కబెట్టేదానికి
ఆఫీసర్ని తీసకపోయిన నాటిది.
క్వారీ లారీ వెనకాల గంటసేపు ఇరుక్కున్నామే,
ఆ తెల్లపిండి కూడా.
ఎండిన ఏనుగు లద్దె పీచు. చెరుకు సోగ నుసి.
నూనెలో కలిసినాక ఏది ఏ ఊరిదో ఎవురికి తెలుసు,
ఊరికే అంటాండా.
ఒకటి మాత్రం తెలిసింది: తేనెటీగ.
మునిగి ఎన్నాళ్లయిందో,
రెక్కలు చెక్కు చెదరలా.

కిరసనాయిలు యాడ దొరుకుతుంది ఇప్పుడు?
డీజిల్ పోసి జాలీని ముంచినా.
"ఊపు. రుద్దొద్దు.
పెట్రోలు మాత్రం వద్దురా నాయనా,
ఒకడు కడిగి అక్కడే బీడీ ముట్టించినాడు,
వాని కనుబొమలు ఈరోజుకీ మొలవలా."
దస్తగిరి భాయ్ మాట.
పదహారేళ్ల కింద చెప్పినా
డీజిల్ వాసన తగిలితే చాలు, చెవిలో మళ్లా మొదలు.

"గీత దాకానే నూనె.
దాటితే ఇంజను నూనె తాగుతాది,
తగ్గితే మన్ను తింటాది.
రెండు రిపేర్లూ నాకే వస్తాయి,
అయినా చెప్తాండా చూడు, నా ఖర్మ."

కొత్తబండ్ల కాగితం ఫిల్టర్లయితే
లోపల్నించి బయటికే గాలి కొట్టేవాడు.
బయట్నించి కొడితే
వాకిలి చెత్త ఇంట్లోకి ఊడ్చినట్టేనంట.
కంప్రెసరు గుయ్యిమంటే
షెడ్డంతా ఒక మబ్బు,
మబ్బులో భాయ్ గళ్ల లుంగీ మాత్రం కనిపించేది.
మూతికి తువ్వాల కట్టుకో భాయ్ అంటే
బీడీ ఎట్లా తాగేదిరా అని నగేవాడు.
ఆఖర్న ఫిల్టర్ని బల్బు కాడికెత్తి
ఒక కన్ను మూసి తిప్పి తిప్పి చూసేవాడు.
మడత మడతకీ వెలుగు కారాల.
కారకపోతే మూలకి ఇసిరేసేవాడు.

మొన్న చిత్తూరు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనిస్తే
ఆమె నోరు తెరవకముందే
ఒక కన్ను మూసి చూసినాడు.
"దుమ్ము కూచునిపోయిందిలే మేడం" అన్నాడు,
ఎవురి బండి గురించో చెప్పినట్టు.
బస్సులో పలమనేరు దాకా
ఇద్దురుమూ టైర్ల ధరలు మాట్లాడుకున్న్యాం.

జాలీ ఆరింది, నీడలోనే.
గిన్నె తుడిచి, గీత దాకా కొత్త నూనె.
గీత మీద ఒక చుక్క ఎక్కువైతే
గుడ్డ కొసతో అద్ది తీసినా.
పాత నూనె డబ్బాలోకి పోయింది,
పక్కింటి గేటు మడతబందులకు పనికొస్తాది.
తేనెటీగను ఏం చెయ్యాల్నో తోచక
గోడ మీద పెట్టినా.

స్టార్టు చేసి
ఫోను ఇంజను పక్కన పట్టుకున్న్యా.
అవతల మంచం కిర్రుమంది.
దగ్గు. మళ్లా దగ్గు.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
వింటాండాడు.

"ఎడం పక్క క్లిప్పు సరిగా కూచోలేదురా,
ఈలేస్తాంది."

వంగి చూసినా.
కూచోలేదు.
బొటనవేలితో అదిమితే టక్కుమని పడింది.
"ఆ," అన్నాడు భాయ్, అంతే.
ఫోను పెట్టేలోగా
సుబ్బరత్నం కాల్ వెయిటింగులో మోగతాంది.